రంగు ఆరేలోపు

కూర్చోకూడదు, గోడకు ఆనుకోకూడదు, చేతులు దించకూడదు, ముఖ్యంగా నవ్వకూడదు, నవ్వితే పొట్ట మీద పసుపు పగులుతుంది. పీర్ల చావిడి వెనక నాపరాళ్ళ కొట్టంలో, నేలలో పాతిన రెండు వెదురు బొంగుల మధ్య, వాటి కొసలు వేలిమొనలతో మాత్రం పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఒంటి మీద గోచీ తప్ప మరేమీ లేకుండా జీవరత్నం నిలబడి ఉంది. ఉంది అనే అంటున్నాను. పెద్దముడియం దగ్గరి ఈ పల్లెలో అందరూ జీవరత్నాన్ని వాడు అంటారు, రేషన్ కార్డులో పురుషుడని ఉంది, ఎలిమెంటరీ స్కూలు పిల్లలు అయ్యోరు అంటారు, తల్లి ఆనందమ్మ కొడుకు అంటుంది. కానీ ఇరవై ఆరేళ్ళుగా ఆ ఒంట్లో మసలుతున్న ప్రాణం తనను తాను ఏమనుకుంటుందో నాకు తెలుసు గనక, దాని మాట కాదని ఊరి మాట రాయడానికి నా చేయి రాదు. ఒళ్ళంతా మంగలి తెల్లవారుజామునే గొరిగిపోయాడు, మొదటి పూత ఆరింది, వార్నీషు కలిపిన పసుపు ఇప్పుడు ఆరుతోంది, కిరసనాయిలు వాసనా సాంబ్రాణి పొగా కలిసి కళ్ళు మండుతున్నాయి, చర్మం ఎవరో నెమ్మదిగా వెనక నుంచి లాగి కడుతున్నట్టు బిగుస్తోంది. ఇంకో గంట. మిట్టమధ్యాహ్నం తాసల డప్పులు మోగగానే పులి వీధిలోకి వెళ్ళాలి, ముందు ఎగవీధి, తర్వాత చర్చి సందు, తర్వాత దిగవీధి, దిగవీధి చివర ఆ ఇల్లు.

తోక చాప మీద ఉంది. చూడకూడదు అనుకుంటూనే జీవరత్నం మళ్ళీ అటు చూసింది. మూడు గజాల పసుపు గుడ్డ, లోపల దూది, కొసన నల్ల కుచ్చు. దూది నడుమ నిన్న సాయంత్రం నుంచి జానెడు బాకు. కుట్టింది అమ్మ. చిన్నప్పుడు మిషన్ బళ్ళో దొరసాని దగ్గర నేర్చుకున్న కుట్టు, పైకి పోగు కనిపించదు, వేలితో తడిమినా తెలియదు, అంత నేర్పుగా తన కడుపున పుట్టినదాని తోకలో కత్తి పెట్టి కుట్టింది. పొద్దున బాలసుబ్బయ్య వచ్చి ఆ కుట్టు చూసి తల ఆడించాడు. ఎగవీధి పెద్దాయన జీపులో ముందు సీటు మనిషి బాలసుబ్బయ్య, ఊరి ఓటర్ల జాబితా మొత్తం నోటికి వచ్చినవాడు, సర్పంచి ఎన్నికలు ఇంకా పదహైదు రోజులుండగానే ఎవరి ఓటు ఎటు పడుతుందో చెప్పేయగలవాడు. “పులిని ఎవురూ తడిమి సూడరు రత్నం,” అన్నాడు బీడీ నోట్లోనే పెట్టుకుని. “పదకొండేండ్ల నుంచి ఆ దిగవీధాయన గడప కాడ నీళ్ళ బిందెను గూడా తడుముతాండారు. పులినొక్కదాన్నే తడమరు. మనవరాలిని తనే తెచ్చి గడపలో పండబెడతాడు, తనే తల వంచుతాడు. ఇంగ నేను జెప్పల్నా?” తర్వాత నెమ్మదిగా, బిడ్డకు పాఠం చెప్పినట్టు చెప్పాడు: “జేసేది పులి. నువ్వు గాదు. సాయంత్రం కడిగేసినాక అదెవురో, నువ్వెవురో.”

ఆ మాటే గుచ్చుకుని ఉండిపోయింది. అతను చెప్పిన ఆచారంలో అబద్ధం లేదు. పీర్ల పండగ పదో రోజున పులి ఏ గడపకు వచ్చినా కాదనకూడదు, పులికి పార్టీ ఉండదు; దడుపు చేసిన పిల్లలను గడపలో పడుకోబెడితే పులి మూడుసార్లు అటూ ఇటూ దాటుతుంది, ఆ ఇంటి పెద్ద వంగితే మెడ మీద తోకతో తడుతుంది. దిగవీధాయన మనవరాలికి నాలుగేళ్ళు. పోయినేడు అసెంబ్లీ ఎలక్షన్లలో ఇంటి ముందర బాంబు పేలిన రోజు నుంచి ఆ పిల్ల మాట్లాడటం లేదు. ఆసుపత్రులు తిప్పారు, తాయెత్తులు కట్టారు, ఇప్పుడు పులి కోసం చూస్తున్నారు. ఆ పిల్ల మీదుగానే కత్తి లేవాలి, ఆ పిల్ల మీదే ఆ తల పడాలి. జీవరత్నానికి అరికాళ్ళ నుంచి చలి పుట్టింది, ఎండాకాలం, నాపరాళ్ళు కాలుతున్నాయి, అయినా చలి.

“ఊపిరి పట్టు అయ్యోరా, పక్కటెముకల మీద చార ఏస్తాండా,” అంది ఖమ్రున్నీసా. ఊపిరి పట్టింది. నల్ల రంగు చల్లగా, కుంచె వెంట్రుకలు లెక్కపెట్టుకోగలిగినంత నిదానంగా వెన్ను నుంచి పొట్టకు దిగింది. ఖమ్రున్నీసా తండ్రి ప్రొద్దుటూరులో లారీల మీద బొమ్మలు రాసేవాడు, నెమళ్ళు, తామరపూలు, వెనక తలుపు మీద ఏడుస్తున్న పాప; ఆయన పోయాక ఆ కుంచెలు కూతురికి వచ్చాయి, లారీలు మాత్రం ఆడమనిషి చేతికి ఎవరూ ఇవ్వలేదు, పులులు ఇచ్చారు. ఆమె చార వేసేటప్పుడు ఆలోచించదు, కొలవదు, ముందే అక్కడ ఉన్నదాన్ని తుడిచి బయటికి తీస్తున్నట్టు వేస్తుంది. నిజంగా అంతే అనిపిస్తుంది జీవరత్నానికి, ప్రతి ఏడూ అంతే, ఒక్కో చార పడుతుంటే అబ్బా, ఇది ఇక్కడ ఉండేది కదా, ఇన్నాళ్ళు దీని మీద ఏదో కప్పి ఉంచారు కదా అని, ఎవరికి దండం పెట్టాలో తెలియని కృతజ్ఞత, యేసుప్రభువుకా, పీర్లకా, ఈ కిరసనాయిలు వాసన చేతులకా.

ఏడో ఏట తెలిసింది. జ్వరం, దాంతోపాటు ఫిట్సు, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఇనుప మంచం, తెల్ల దుప్పటి, కిటికీలో నుంచి వేపచెట్టు. అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. వెల్లకిలా పడుకుంటే నడుం కింద ఏదో నలుగుతోంది, నొప్పి కాదు, చేయి మీద పడుకుంటే తిమ్మిరెక్కినట్టు, అది తనదే అని తెలుస్తోంది. అమ్మా జరుగు, నా తోక మీద కూర్చున్నావు అని చెప్పింది. అమ్మ నవ్వింది, నర్సమ్మకు చెప్పి మళ్ళీ నవ్వింది, ఆ రాత్రి గట్టిగా ప్రార్థన చేసింది. జ్వరం పోయింది, ఫిట్సు పోయాయి, తోక పోలేదు. అవ్వ చాటుగా పీర్లకు మొక్కుకుందని, బిడ్డ బతికితే పులివేషం కట్టిస్తానని చెప్పుకుందని తర్వాత బయటపడి పాస్టరయ్య కోప్పడ్డాడు, అవ్వ మాత్రం దేవుళ్ళ మధ్య తగవు మనకెందుకని కొట్టిపారేసింది. మొక్కు వల్ల పులి వచ్చిందని ఊరు అనుకుంటుంది. పులి ముందే వచ్చి కూర్చుంది, మొక్కు దానికి తలుపు తీసింది, అంతే. బస్సు ఎక్కేటప్పుడు తోకను లోపలికి లాక్కోవడం, బళ్ళో బోర్డు వైపు తిరిగి రాసేటప్పుడు వెనక బెంచీ పిల్లలు దాన్ని తొక్కుతారేమోనని జాగ్రత్త, కోపం వస్తే దాని కొస అదురుతుంది, నిద్ర పట్టే ముందు అది పాదాల చుట్టూ చుట్టుకుంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ కనిపించకుండా ఇంత పెద్ద వస్తువును మోస్తూ తిరగడం ఎంత వింత, ఎంత భాగ్యం, ఒక్కోసారి బళ్ళో ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ ఆగి తనలో తానే ఆశ్చర్యపోయేది.

కుంచె తొడ మీదికి వచ్చింది. తొమ్మిదో ఏట నాయన ప్రొద్దుటూరుకు సర్కస్ చూపించడానికి తీసుకుపోయాడు. నాయన దాసయ్య, పొడుగాటి మనిషి, ఎవరు పిలిచినా పలికే మెత్తని మనిషి, అదే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. ఆట మొదలయ్యే ముందు డేరా వెనక బోను దగ్గరికి భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. పులి పడుకుని ఉంది. ముందుకాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని, పనంతా ముగించుకుని వసారాలో నడుం వాల్చిన ఇల్లాలిలాగా. కన్ను తెరిచి చూసింది. ఆ చూపులో భయం లేదు, కోపం లేదు, నువ్వా, ఇక్కడేం చేస్తున్నావు అన్నట్టు ఒక క్షణం నిలిచి, మళ్ళీ మూసుకుంది. లోకమంతా ఒక్కసారి ఆగినట్టయింది. బొరుగుల పొట్లం చేతిలోంచి జారి నాయన తల మీద పడింది. అయ్యా, అది ఆడదా మొగదా అని అడిగితే నాయన బోను కాపలావాడిని కనుక్కుని, “ఆడదంట నాయనా. అయితే ఏమి, పులే గదా,” అన్నాడు, జుట్టులోంచి బొరుగులు ఏరుకుని తింటూ. అయితే ఏమి. ఆ చిన్న మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో, అది తనకు ఎన్నేళ్ళు కూడు పెట్టిందో ఆయనకు తెలియకుండానే పోయాడు.

అడవుల్లో పులులు తగ్గిపోతున్నాయని పేపర్లలో రాస్తారు గానీ, ఈ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల తాలూకాల గోడలు చూస్తే ఆ బెంగ అక్కర్లేదు. ప్రతి గోడ మీదా ఒక పులి, మీసం మెలేసిన పులి, ఖద్దరు చొక్కా వేసుకుని చేతులు జోడించిన పులి, పులిబిడ్డ, సీమ పులి, ఆ పులికి పోటీ ఈ పులి. ఈ పులుల్లో ఒక్కటి కూడా గన్‌మెన్ లేకుండా బహిర్భూమికి పోదు. వీళ్ళకు మగతనమూ పులితనమూ ఒకటే, పగ పట్టడమూ పులితనమే, ఇంత పెద్ద పొరపాటు మీద ఇన్ని ఊళ్ళు నిలబడి ఉన్నాయని తలుచుకుంటే జీవరత్నానికి నవ్వు వచ్చేది, ఇప్పుడు నవ్వకూడదు. పులి తినడానికి తప్ప చంపదు, తిన్నాక మూతి నాక్కుని పడుకుంటుంది. దానికి వాయిదాలు లేవు. పదకొండేళ్ళ కింద కోర్టు వాయిదా నుంచి రెండు జీపులు తిరిగి వస్తున్నాయి, ముందు జీపులో ఎగవీధి పెద్దాయన ఉంటాడని దిగవీధి వాళ్ళు లెక్క వేసుకున్నారు, ఆయన ఆ రోజు వెనక జీపు ఎక్కాడు, ముందు జీపులో దాసయ్యను కూర్చోబెట్టారు, దిగవీధి వాళ్ళ బాంబులు ఆ జీపు మీదే పడ్డాయి. రమ్మంటే ఎక్కాడు, అంతకంటే ఆయన చేసిందేమీ లేదు. పెద్దాయన వచ్చి దాసయ్య శవం మీద దండ వేసి, బిడ్డ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా అన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా, ఆ ఉద్యోగమే జీవరత్నం చేస్తోంది. అమ్మ చాలా ఏళ్ళు ఏమీ అనలేదు. జీవరత్నానికి ఇరవయ్యో ఏడు వచ్చినప్పుడు, సంగటి ముద్ద పళ్ళెంలో వేస్తూ అంది: “నువ్వు మొగోడివైతే ఇట్ల కుచ్చోని కూడు తినవురా.” ఒక్కసారే అంది. ఆ తర్వాత తిన్న ప్రతి ముద్దలోనూ ఆ మాట రాయిలాగా తగిలింది. నిన్న ఆమె తోక కుట్లు విప్పి, కత్తి పెట్టి, మళ్ళీ కుట్టి, దారం పళ్ళతో కొరికి తెంపినప్పుడు కూడా ఏమీ అనలేదు.

చేతులు లాగుతున్నాయి. ఎడమ భుజం అదురుతోంది. ఖమ్రున్నీసా గమనించి మోచేతి కింద పొడి కర్ర ఒకటి ఆనించింది. పద్దెనిమిదో ఏట మొదటిసారి మొక్కు తీర్చుకున్నాక, ఆ సాయంత్రం జమ్మలమడుగులో పెన్న ఇసుక చెలమ దగ్గర రంగు కడుక్కుంటుంటే, పక్క చెలమలో రంగు కడుక్కుంటున్న ముసలాయన చాలాసేపు చూసి దగ్గరికి వచ్చాడు. నబీ రసూల్, ప్రొద్దుటూరులో లారీ మెకానిక్కు, నలభై ఏళ్ళుగా పులి. నీళ్ళు తాగడానికి వంగిన తీరు చూసి పట్టేశాడట. మెల్లగా అడిగాడు: “రంగు కడిగినా పోలేదు గదా?” ఆ ప్రశ్న విన్న క్షణాన జీవరత్నం ఇసుకలో కూలబడి ఏడ్చింది. పదకొండేళ్ళుగా తానొక్కతే అనుకుంది. లోకంలో ఇట్లాంటి ప్రాణం మరొకటి ఉండటమే కాదు, దానికి గ్రీజు అంటిన గోళ్ళున్నాయి, పొడుం డబ్బా ఉంది, ఆ డబ్బా తీసి తనకు చిటికెడు ఇవ్వబోతోంది. ఆయనే పులివెందులలో సైదున్నీసా ఇంటికి తీసుకుపోయాడు. కింద దర్జీ కొట్టు, మేడ మీద ఒక గది, పండగైన నలభయ్యో నాడు తలుపు వేసుకుని ఎనిమిదిమందో తొమ్మిదిమందో కూర్చునేవాళ్ళు. పేరు లేని కూటం. పేరు పెడితే ఎవరో ఒకరు టికెట్ ఇస్తామంటారని నబీ రసూల్ నవ్వేవాడు.

ఆ గదిలోకి మొదటిసారి అడుగు పెట్టినప్పుడు చర్చిలో కూడా ఎప్పుడూ అనిపించనంత భయభక్తులు కలిగాయి. అందరూ మామూలుగానే ఉన్నారు, టీ తాగుతున్నారు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసే ఒకాయన ఎలుగుబంటి. వల్లూరు నుంచి వచ్చే పోస్టుమాస్టరు కొంగ, రోజూ సైకిలు మీద పోతుంటే రెక్కలకు గాలి తగిలి కన్నీళ్ళు వస్తాయన్నాడు, ఎవరూ నవ్వలేదు. సైదున్నీసా ముగ్గురు పిల్లల తల్లి, ఆడవాళ్ళకు వేషం లేదు గనక ఒక్కసారి కూడా రంగు పడలేదు ఆమె మీద, మిషను తొక్కుతూ తొక్కుతూ మెడ తిప్పి చూసిందంటే పులి కాదనడానికి ఎవరికీ నోరు రాదు. మూడు తాలూకాల వేషాలకూ తోకలు కుట్టేది ఆమే. ఆడా మగా మాట జీవరత్నమే ఎత్తింది, వణుకుతూ. నబీ రసూల్ తేలిగ్గా తీసుకున్నాడు: “నేను మొగపులినేమ్మా, లోపలా బయటా ఒకటే, నాకే రంధీ లేదు.” “కొంగనెవురడుగుతారప్పా, ఆడా మొగా అని,” అన్నాడు పోస్టుమాస్టరు, “ఎగరగలదా లేదా, అంతే.” సైదున్నీసా మిషను ఆపి, “బురఖా ఏసుకున్నా పులినే, తీసినా పులినే. నా ముగ్గురు బిడ్డల్ని కన్నది గూడా పులే,” అని, జీవరత్నం వైపు చూసి, “నీ సంగతేందో నిదానంగా జెప్పు, తొందర ల్యా,” అంది. నిదానంగానే చెప్పింది. ముందు పులి తెలిసింది, తర్వాత ఆ పులి ఆడదని తెలిసింది. మనుషుల్లో మగవాడినని ఎవరన్నా అంటే ఆ మాట తన పక్క నుంచి పోయి ఎవరికో తగులుతుంది, ఆడదానివి అన్నా పూర్తిగా అతకదు, ఆడపులి అంటే మాత్రం ఒళ్ళంతా ఊ కొడుతుంది. అయినా మీసం ఉంది, చొక్కా ఉంది, అయ్యోరు అనే పిలుపు ఉంది. ఎవరూ సర్దిచెప్పలేదు, ఓదార్చలేదు. సైదున్నీసా లేచి వచ్చి తల మీద చేయి పెట్టి, “ఇంత అందంగా ఉండాది గదే,” అంది. అంత మాట. ఆ రోజు పులివెందుల నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తుంటే చీనీ తోటలు, పోలీసు జీపులు, గోడల మీద మీసాలు, అన్నీ కొత్తగా, ఎవరో ఇప్పుడే చేసి పెట్టినట్టు కనిపించాయి.

ఆ గదిలో ఒకటే కట్టుబాటు. రంగు కింద ఉన్నంతసేపు మనుషులు చేసే పనులు చేయకూడదు. ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు, పసుపు బిగుస్తున్న ఈ ఒంటి లోపల నిలబడి, ఎందుకో తెలుస్తోంది. చేసేది పులి, నువ్వు గాదు అన్నాడు బాలసుబ్బయ్య. అతని మాట నమ్మి ఆ గడపలో చేయి ఎత్తితే ఏం జరుగుతుంది? ఒక మనిషి చస్తాడు, పిల్ల నెత్తుటిలో తడుస్తుంది, అది ఒకటి. రెండోది, సాయంత్రం చెలమ దగ్గర రంగు కడుక్కుంటే కింద ఎవరూ ఉండరు. పులి పోతుంది. తోక పోతుంది. రంగు పూసుకుని పగ తీర్చుకున్న దాసయ్య కొడుకు మిగులుతాడు, గోడల మీదికి ఎక్కుతాడు, మొగోడు అవుతాడు, ఊరంతా మెచ్చుకుంటుంది. చావుకంటే అదంటేనే ఎక్కువ భయం వేసింది. చేయకపోతే? పెద్దాయన ఊరుకోడు. ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, ప్రాణం సంగతి ఆయన ఆ రోజు కోపాన్ని బట్టి. అమ్మ? అమ్మ ఇంకెప్పుడూ తన ముఖం చూడదు. పదకొండేళ్ళు ఎదురుచూసింది ఆమె. గోచీ దగ్గర చెమట కారి పసుపు కరుగుతోంది, ఖమ్రున్నీసా విసనకర్ర అందుకుంది.

ముఖం చివరన వస్తుంది. నుదుటి మీద చారలు, కళ్ళ కింద తెలుపు, ముక్కు మీద నలుపు. ఈ ఊళ్ళో పులికి మీసం దిద్దుతారు, పిల్లి మీసం కాదు, పైకి మెలి తిరిగిన కోరమీసం. కుంచె నల్ల రంగులో ముంచి ఖమ్రున్నీసా పై పెదవి దగ్గరికి తెచ్చింది.

“వద్దక్కా.”

కుంచె ఆగింది. “నడీదిలో నవ్వుతారే?”

“నవ్వనీ.”

ఖమ్రున్నీసా చాలాసేపు ఆ ముఖం వైపే చూసింది. “ఎనిమిదేండ్లుగా మీసం కాడికొచ్చేసరికి నీ పెదివి వణుకుతాది,” అంది. “కిరసనాయిలు మంటేమో అనుకుంటి. సూస్తాంటే ఇది గదా నీ ముఖం.” కుంచె గుడ్డకు తుడిచి, ఎప్పుడూ చేయని పని, రంగు అంటని చోటు చూసుకుని జీవరత్నం చెవి మీద వేలు ఆనించి కళ్ళకద్దుకుంది.

తలుపు దగ్గర వెలుగు మారింది. అమ్మ. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీర. తోక కట్టాల్సింది మొక్కు ఉన్నవారి తల్లి, ఎనిమిదేళ్ళుగా ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, లోపల ప్రార్థన చేసుకుంటూ కట్టి పోయేది. ఈసారి తిప్పుకోలేదు. వీధిలో మంట దగ్గర కాచుకుంటున్న తాసలు ఒకటీ అరా పలుకుతున్నాయి. ఆమె బిడ్డ పై పెదవి వైపు చూసింది.

“మీసం మర్సినావు ఖమ్రున్నీసా.”

“మర్సలేదొదినా. వద్దనింది.”

ఆనందమ్మ చాప మీది తోక ఎత్తుకుంది. రెండు చేతులతో ఎత్తుకోవాల్సినంత బరువు. బిడ్డ వీపు వెనకకు వచ్చింది. జీవరత్నం బొంగులు వదలకుండానే నడుం పక్కకు జరిపింది.

“అమ్మా, ఆ తోక నాకొద్దు.”

“ఏందిరా?”

“నాకుండాది. ఏడేండ్లప్పటి నుంచి ఉండాది. ఆస్పత్రిలో నీకు జెప్పినా. నువ్వు నవ్వినావు.”

“జరంలో మాట్లాడినావు గదా నాయనా అది.”

“జరం ఎప్పుడో పాయెమా.” గొంతు తనదే కానట్టు లోపలి నుంచి వచ్చింది. “మొగోడివైతే అంటివి. నేను కాదుమా. ఎంత మోసినా అది నాకు అతకలే. నేను పులిని, ఆడపులిని. మా దాంట్లో ఎవురూ కత్తి ఎత్తుకోని ఇంటికి పోరు. పోతే ఇంగ నేను ల్యా, ఒట్టి రంగుండాది. ఆ బిడ్డ మీదుగా నేను దుంకల్ల, మాటొచ్చేటట్టు దుంకల్ల. నాయన నాకు గూడా నాయనే. కానీ ఇది నా చేత కాదు.”

ఆనందమ్మ తన బిడ్డ వీపును చూస్తోంది, వెన్ను నుంచి పొట్టకు దిగిన చారలను, గోచీ ముడి దగ్గర ఆగిన చోటును, అక్కడి నుంచి నేల వరకు ఉన్న ఖాళీని. ఆ ఖాళీని చాలాసేపు చూసింది. ఏం కనిపించిందో ఎవరికి తెలుసు, ఆమె ఉలిక్కిపడి ఒక్క అడుగు వెనక్కి వేసి, తన పాదాల కింద నేలను చూసుకుంది.

“తొక్కినానా?”

జీవరత్నం కళ్ళ కింద తెలుపు కరిగిపోయింది. ల్యామ్మా, ల్యా అని తల ఊపింది. ఆనందమ్మ నేల మీద చతికిలబడి, తోకను ఒళ్ళో పెట్టుకుని, తాను వేసిన కుట్టు కొస వెతికి పళ్ళతో పట్టి లాగింది. అంత నేర్పుగా వేసిన కుట్టు, ఊడదీయడానికి చాలా సేపు పట్టింది. మధ్యలో ఒకసారి, తల ఎత్తకుండా, “మీ నాయనకు తెలుసునా?” అంది. “సర్కస్‌లో కొంచెం తెలిసింటాది,” అంటే, “ఆయప్ప అట్లాటోడే, ఏదీ జెప్పడు,” అని ముక్కు చీదింది. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది.

బాకు తీసి, తెల్లచీర కొంగులో దాచుకోకుండా, అందరికీ కనిపించేటట్టు పట్టుకుని ఆమె వీధిలోకి నడిచింది. చావిడి అరుగు మీద బాలసుబ్బయ్య బీడీ కాలుస్తున్నాడు, చుట్టూ డప్పులవాళ్ళు, ప్రసాదం మలీద ముద్దలు పట్టుకున్న పిల్లలు, పీర్లను కొలిచే ముజావరు, సగం ఊరు. ఆమె కత్తిని అతని చేతిలో పెట్టింది.

“ఆనందమ్మా, ఏం జేస్తాండావో తెలుసునా? పెద్దాయన ఊరుకుంటాడా?”

“మాపటి బస్సుకు పోతాండాం. ఇల్లు ఆయన్నే ఉంచుకోమను.”

“మరి దాసయ్య పగ?”

“ఆయప్పకు పగ ల్యా. రమ్మంటే జీపెక్కినాడు, అంతే. పెద్దాయనింట్లో ముగ్గురుండారు మొగోళ్ళు, ఈ కత్తి వాళ్ళకియ్యి.” ఆమె గొంతు వీధి చివరి దాకా వినపడింది. “మా ఇంట్లో మొగోళ్ళు లేరప్పా. నేనొకదాన్ని, పులొకటి. ఇద్దరమే.”

ఎవరూ నవ్వలేదు. కొట్టం ద్వారం పొట్టిది, జీవరత్నం తల వంచి, ముందు భుజం, తర్వాత నడుం, నిదానంగా ఎండలోకి వచ్చింది. మీసం లేదు, గుడ్డ తోక లేదు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న వేషమే, అయినా అరుగు మీది ముసలివాళ్ళు కూడా లేచి నిలబడ్డారు, పిల్లలు వెనక్కి తగ్గారు. తాసలవాడు కొట్టడం మరిచిపోయి, గుర్తొచ్చి, పులిదెబ్బ అందుకున్నాడు. పులి ఈసారి ముందు ఎగవీధికి పోకుండా, నేరుగా దిగవీధి వైపు తిరిగింది. బాలసుబ్బయ్య ఆ కత్తిని ఎక్కడ దాచుకోవాలో తెలియక పంచె చెంగులో చుట్టుకుంటూ, అందరితో పాటు తానూ గోడకు ఒదిగి దారి ఇచ్చాడు.